వంత పలికేదాకా

నూకరత్నానికి మాట పోయింది గానీ పాట పోలేదు. ఇదెక్కడి చోద్యమో చూసొద్దామని ఊళ్ళో సగం మంది వచ్చి చూసి ముక్కున వేలేసుకుని వెళ్ళారు. దాహమేస్తే "నీళ్ళు" అనలేదు. కళ్ళెదురుగా నిలబడ్డ కన్నకూతుర్ని "సూర్యకళా" అని పిలవలేదు. పిలవబోతుంది, పెదాలు ఓ పక్కకి లాక్కుపోతాయి, "బ... బ..." అని అక్కడే ఆగిపోతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అదే మనిషి, ఆ కన్నీళ్ళు ఆరకముందే గొంతెత్తి ఒక్క అక్షరం జారకుండా పాడుతుంది.

"కాలవవతలి గట్టుమీద ఎవరిదమ్మా ఆ దీపం..."

మొదటిసారి విన్నప్పుడు సూర్యకళకి ఒళ్ళు గగుర్పొడిచింది. రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజది. వంటింట్లో గంజి కాస్తుంటే ముందు గదిలోంచి పాట వినబడింది. టీవీ ఎవరు పెట్టారా అనుకుంటూ వచ్చి చూస్తే మంచం మీద తల్లి. కుడి చెయ్యి చచ్చుబడి దుప్పటి మీద పడుంది. గొంతు మాత్రం నిక్షేపంలా ఉంది. ఇంత గొంతు తన తల్లికి ఉందని సూర్యకళకి అంతవరకూ తెలియదు. గరిటె చేతిలో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ముందే చెప్పింది. "మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతిందండి. పాట ఉండే చోటు వేరు. అది బాగానే ఉన్నట్టుంది. ఆ పాట పట్టుకునే ఒక్కోసారి మాట కూడా మెల్లిగా వస్తుందండి. తిండి బాగా పెట్టండి, ఎక్సర్‌సైజులు మానొద్దు. ఆవిడతో మాట్లాడటం అసలు మానొద్దు" అంది. అప్పుడు సూర్యకళ తలాడించింది గానీ అర్థమై కాదు. ఒకే నోట్లో ఒక తలుపు మూసి ఒక తలుపు తెరిచి ఉంచడమేమిటో, ఆ దేవుడికే తెలియాలి.

చిక్కేమిటంటే, ఆవిడ పాడేది ఆ ఒక్క చరణమే. పాడి ఆగుతుంది. తల కాస్త పక్కకి వాల్చి, చెవి ఒగ్గి, ఎదుటివాళ్ళ మొహాలకేసి చూస్తుంది. ఎవరూ ఏమీ అనకపోతే మళ్ళీ అదే చరణం ఎత్తుకుంటుంది. అలా పాడి పాడి చివరికి ఒళ్ళు మండిపోయి ఎడంచేత్తో మంచంపట్టె మీద దబదబా బాదుతుంది. అన్నం ముద్ద నోటి దగ్గరికి తీసుకెళితే మొహం తిప్పేసుకుని దీపం గురించి పాడుతుంది. మనిషి రోజురోజుకీ చిక్కి శల్యమైపోతోంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి.

ఏదో అడుగుతోంది. అదేమిటో తెలిస్తే తల్లి బతుకుతుంది, తెలియకపోతే తన చేతుల్లోనే పోతుంది. సూర్యకళకి తెలిసినంతవరకూ లెక్క అదీ. పగలంతా కుట్టుమిషను తొక్కుతూ జాకెట్లు కుడుతూనే ఆ చరణాన్ని పైకీ కిందకీ తిప్పి చూసుకునేది. మొగుడు అబ్బులు కొబ్బరి లారీ మీద దేశాలు తిరిగే మనిషి. ఫోన్ చేసినప్పుడల్లా "ఏమైనా తెలిసిందేంటే?" అనేవాడు. ఏం తెలుస్తుంది?

అర్థాలు చెప్పేవాళ్ళకి మన ఊళ్ళల్లో కరువా! కందకు లేని దురద కత్తిపీటకని, పక్కింటి రత్తమ్మ అందరికంటే ముందే తేల్చేసింది. "దీపమంటే అన్నవరం కొండమీద దీపమేనే. మీ అమ్మ ఎప్పుడో సత్యనారాయణస్వామికి మొక్కుకుని మర్చిపోయుంటుంది. ఆయన ఊరుకుంటాడేంటి?" అంది. సూర్యకళ ముడుపు కట్టి దేవుడి పటానికి వేలాడదీసింది. నూకరత్నం ఆ ముడుపుకేసి ఓసారి చూసి మళ్ళీ పాడింది.

తర్వాత సూర్యకళకే ఓ ఆలోచన తట్టింది. వాళ్ళ ఇల్లు కాలవ గట్టునే. కాలవ అవతల అంతా చేలు. అమ్మకి అక్కడ దీపం కావాలేమో! నలుగురూ నవ్వుతారేమోనన్న సిగ్గు కూడా లేకుండా వంతెన దాటి వెళ్ళి అవతలి గట్టు మీద దీపం పెట్టింది. గాలికి ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి కిటికీ తెరిచి, "అదిగో అమ్మా, దీపం!" అని చూపించింది. తల్లి చూసింది. కూతురి మొహంలోకి జాలిగా చూసింది. తర్వాత మంచంపట్టె బాదింది. ఆ రోజు సూర్యకళ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అందరికీ ఒప్పుదలైన అర్థం చెప్పింది సత్యప్రసాద్ గారు. రామాలయంలో భజనలు చేయించే పెద్దమనిషి. తత్వాలు పాడితే విన్నవాళ్ళ కళ్ళు చెమర్చాల్సిందే. ఏ పాటలోనైనా లోపలి మాట పట్టుకుంటారని ఊళ్ళో పేరుంది. ఆయన వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ చరణం మళ్ళీ మళ్ళీ విన్నారు. కళ్ళు తెరిచి కండువాతో తుడుచుకున్నారు.

"ఇది తత్వమమ్మా. పాతకాలంది, నేనెప్పుడూ వినలేదు గానీ తత్వమే. కాలవ అంటే సంసారం. అవతలి గట్టంటే పరం. ఆ దీపం పరంజ్యోతి. అది కనబడుతోందమ్మా మీ అమ్మగారికి. 'ఎవరిదమ్మా' అని అడుగుతున్నారంటే అటునుంచి పిలుపొచ్చినట్టే. అందుకే అన్నం వద్దంటున్నారు. మహాతల్లి! సెలవడుగుతున్నారు. మీరు ఆపకండి" అన్నారు.

గదిలో ఉన్నవాళ్ళందరూ చేతులు జోడించారు. సూర్యకళ కూడా జోడించింది. అర్థం అంత అందంగా ఉంటే అబద్ధమని ఎవరికి అనిపిస్తుంది చెప్పండి? మన దేశంలో ఏరు కనబడితే సంసారమే, అవతలి గట్టు కనబడితే మోక్షమే. చిన్నప్పటినుంచీ భజనల్లో వింటున్నదే. నూకరత్నం మాత్రం ఆ జోడించిన చేతులకేసి చూసి, చెవి ఒగ్గి, కాసేపు ఎదురుచూసి, మళ్ళీ మొదలెట్టింది.

ఆ కబురు కాకినాడలో ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడు గణేష్‌బాబుకి చేరింది. వాడు వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, ఇంక అమ్మని హింసపెట్టొద్దే. బుగ్గలు నొక్కి గంజి పొయ్యడం, ఆ ఎక్సర్‌సైజులు, అవన్నీ ఆపెయ్యి. ఆవిడ వెళ్తానంటుంటే మనం కాళ్ళు పట్టుకుని లాగడం పాపం కదా? అత్తయ్య వాళ్ళకి చెప్పేశాను. ఆదివారం అందరం వస్తాం. తులసితీర్థం తలో చుక్కా పోద్దాం."

"సరేరా" అంది సూర్యకళ. అన్నాక కుట్టుమిషను ముందు కూర్చుంది గానీ సూదిలో దారం ఎక్కలేదు. అన్నం పెడితే తల్లిని కట్టిపడేసిన పాపం. మానేస్తే తల్లిని చంపుకున్న పాపం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మంచం దగ్గరికెళ్ళి తల్లి చెంపల మీద చేతులు పెట్టి, "అమ్మా, నిజం చెప్పవే. వెళ్తానంటున్నావా, ఉంటానంటున్నావా?" అని అడిగింది. నూకరత్నం పెదాలు వంకర్లు తిరిగాయి. "బ... బ..." అంది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని తనకి వచ్చిన ఆ ఒక్క చరణమే పాడింది.

ఆదివారం రానే వచ్చింది. సాయంకాలమైంది. గణేష్‌బాబు బస్సు రావులపాలెం దాటుతోందని ఫోన్ చేశాడు. సూర్యకళ పొద్దుటి నుంచీ తల్లికి ఏమీ పెట్టలేదు. తానూ తినలేదు. పెరుగన్నం మెత్తగా పిసికి గిన్నెలో పెట్టి, మూత వేసి, మళ్ళీ మూత తీసి, మళ్ళీ వేసి, అలాగే కూర్చుంది. మనసు ఒప్పుకుంటేనా!

అప్పుడే వీధి గుమ్మంలోంచి, "అమ్మాయ్, ఉన్నారా?" అని కేక వినబడింది. జ్ఞానమ్మ. లూథరన్ చర్చి వెనక పేటలో ఉంటుంది. నూకరత్నంతో పాటు చేలకి వెళ్ళిన మనిషి. ఇద్దరికీ వదినా వదినా అని పిలుపు. అందుకే సూర్యకళకి ఆవిడ అత్త. కంటి ఆపరేషన్ చేయించుకుని తాడేపల్లిగూడెంలో కొడుకు జయపాల్ దగ్గర ఉండిపోయింది. ఆ పొద్దుటే ఊళ్ళోకి దిగి, సంగతి తెలిసి, నల్లకళ్ళద్దాలతోనే కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఇంత జరిగితే నాకో ఫోన్ చెయ్యకూడదేంటే? చచ్చాననుకున్నారా నేను?" అని వాకిట్లో నుంచే తిడుతూ, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి వంగింది. లోపల నుంచి ఆ పాట వచ్చింది.

"కాలవవతలి గట్టుమీద ఎవరిదమ్మా ఆ దీపం..."

జ్ఞానమ్మ తల కూడా ఎత్తలేదు. వంగి కాళ్ళు రుద్దుకుంటూనే, ఊపిరి తీసినంత మామూలుగా, బదులు పాడేసింది.

"ఎవరిదైతే నీకేమమ్మా, వంచిన నడుమెత్తకే..."

సూర్యకళ తల్లికేసి చూసింది. నూకరత్నం కళ్ళు ఇంతలేసి చేసుకుని గుమ్మంకేసి చూస్తోంది. ఎన్నాళ్ళనుంచో బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలి, ఆవిడ పాటలో ముందుకెళ్ళింది. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని రెండో చరణం!

"నడుమెత్తి నే చూడలేదే, కంటికదే కనబడే..."

"కంటికి కనబడ్డ దీపం కడుపుచలవదేనమ్మా" అంటూ జ్ఞానమ్మ తడికాళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. కర్ర గోడకి చేరేసి, నల్లద్దాలు తీసి, గడప మీద కూలబడింది. మంచం దగ్గరికి రాలేదు. అంత దూరం నుంచే అందుకుంటోంది.

"అన్నం వండి ఆకలాపుకు కూచున్నాదే ఆ దీపం..."

"కూచున్నదాని పేరు చెప్పు, గట్టెక్కనిస్తామమ్మా..."

సూర్యకళ గోడ పట్టుకుంది. చిన్నప్పుడు తను పొద్దుగూకేవేళ లాంతరు వెలిగించి కాలవ గట్టు వైపు గుమ్మంలో పెట్టేది. అన్నం వండి, గిన్నె మీద మూత పెట్టి, ఆకలని ఏడుస్తున్న తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, అమ్మొచ్చాక అందరం తిందాం అని జోకొట్టేది. ఆ లాంతరు అవతలి చేలల్లోకి కనబడుతుందని ఎన్నడూ అనుకోలేదు. చీకట్లో భయమేసి పెట్టుకున్న దీపమది.

ఇక పేరు చెప్పాలి. అక్కడ పాటలో మాట లేదు. ఆ చోటు ఖాళీ. అక్కడ ఎవరి బిడ్డ పేరు వాళ్ళు చెప్పుకోవాలి.

నూకరత్నం నోరు తెరిచింది. పెదవి ఓ పక్కకి లాక్కుపోయింది. "బ... బ..." అంది. మొహం ఎర్రబడిపోయింది. ఎడంచెయ్యి మంచంపట్టెని వెతుక్కుంటోంది, బాదడానికే. సూర్యకళ ఉండబట్టలేక, "అమ్మా, సూర్..." అనబోయింది. గడప మీదనుంచి జ్ఞానమ్మ చెయ్యెత్తి ఆపింది. కసురుకున్నట్టే చూసింది. చూసి, తొందరేమీ లేనట్టు తన వంత మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది.

"కూచున్నదాని పేరు చెప్పు, గట్టెక్కనిస్తామమ్మా..."

నూకరత్నం అందుకోలేదు. జ్ఞానమ్మ మళ్ళీ అదే పాడింది. విసుగు లేదు, జాలీ లేదు. వరసలో వెనకబడ్డ మనిషి కోసం ఆగినట్టు ఆగింది, అంతే. నూకరత్నం కళ్ళు మూసుకుంది. ఎడంచెయ్యి బాదడం మానేసి, మెల్లిగా, మంచంపట్టె మీద తాళం వెయ్యడం మొదలెట్టింది. ఆ తాళం మీద ఎక్కింది పేరు.

"మా... సూ... ర్యకళ పెట్టిందమ్మా, మా ఇంటిదే ఆ దీపం!"

ఆ మాట వినడానికి సూర్యకళ దేవుళ్ళందరికీ మొక్కింది. వినబడ్డాక ఏం చెయ్యాలో తెలియక పిచ్చిదానిలా నిలబడిపోయింది. తర్వాత మంచం పక్కన కూలబడి తల్లి చెయ్యి మొహానికేసి అదుముకుని బావురుమంది. ఏ డాక్టరూ రప్పించలేని పేరు, ఏ దేవుడూ పలికించని పేరు, ఆ పాటలో తన కోసం అట్టేపెట్టిన చోట్లో వచ్చి కూర్చుంది. ఆ చోటు ఎన్నేళ్ళనుంచి ఉందో!

"ఊ, ఇంక గట్టెక్కవే వదినా. చీకటిపడింది" అంది జ్ఞానమ్మ, కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ.

సూర్యకళ వెక్కిళ్ళ మధ్య అడిగింది. "అత్తా, ఏ పాటత్తా ఇది? సత్యప్రసాద్ గారు తత్వమన్నారు. అమ్మ వెళ్ళిపోతానంటోందన్నారు."

"తత్వమూ లేదు, తాడూ లేదు. నాట్లపాట. ఆఖరి మడిలో దిగాక, మునిచీకటి వేళ పాడుకునేవాళ్ళం. అలా పాడుతుంటే కాలవవతల ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటీ కనబడేవి. ఎవరింటి దీపం వాళ్ళు చూసుకుని, పెట్టిన బిడ్డ పేరు చెప్పి గట్టెక్కేవాళ్ళం. మీ అమ్మది ముందుపాట, వరస ఈ చివర. నాది వంత, ఆ చివర."

"మరి ఆ ఒక్క చరణమే ఎందుకు పాడేదత్తా ఇన్నాళ్ళూ?"

"వంత రాందే ముందుపాట ఎలా కదులుతుందే పిచ్చిదానా? వంత రాలేదంటే ఆ చివరి మనిషి వెనకబడినట్టు. ఆవిడొచ్చి కలిసేదాకా అదే చరణం పాడుతూ ఆగాలి. వదిలేసి పోకూడదు. నాట్లల్లో అది నీతి. మీరెవరూ అందుకోకపోతే ఏం చేస్తుంది, పాడుతూ కూచుంది మీకోసం."

సూర్యకళ తల్లికేసి చూసింది. వెళ్ళిపోతోందని అందరూ చేతులు జోడించిన మనిషి, వెళ్ళడం మాట అటుంచి, వెనకబడ్డ వాళ్ళందరి కోసం నడుం వంచుకుని ఇన్నాళ్ళూ ఆ మడిలోనే నిలబడుంది. మనం ఆవిడ కోసం ఎదురుచూస్తున్నాం అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. తల్లి కాళ్ళ మీద తల పెట్టి మొక్కాలనిపించింది సూర్యకళకి. మొక్కింది కూడా.

"అయినా నేనెప్పుడూ ఈ పాట వినలేదేంటత్తా? నా పేరు పెట్టి పాడేదని కూడా తెలియదు నాకు."

జ్ఞానమ్మ నవ్వింది. "ఎలా వింటావే? ఆ వేళకి నువ్వు ఇంటిదగ్గర దీపం పెట్టుకుని కూచునేదానివి కదా. ఇప్పుడు నాట్లకి బెంగాలోళ్ళు వస్తున్నారు, చెవుల్లో ఫోన్లు పెట్టుకుని వాళ్ళ పాటలేవో వాళ్ళు వింటున్నారు. ఇంక ఈ పాట నీకెవరు వినిపిస్తారు?"

మంచం మీద నూకరత్నం కదిలింది. ఎడంచెయ్యి చాపి, మూత పెట్టిన గిన్నె వైపు చూపించింది. సూర్యకళ మూత తీసి, చిన్న ముద్ద చేసి పెదాల దగ్గర పెట్టింది. నూకరత్నం మొహం తిప్పుకోలేదు. నోరు తెరిచింది. ఓ ముద్ద మింగి, ఇంకో ముద్దకి నోరు తెరిచింది. గడప మీద జ్ఞానమ్మ, "యేసయ్యా, స్తోత్రం" అని గొణుక్కుంది. దేవుడి పటానికి వేలాడుతున్న అన్నవరం ముడుపు గాలికి ఊగింది.

ఫోన్ మోగింది. సూర్యకళ ఎంగిలిచేతిని దూరంగా పెట్టి, ఎడంచేత్తో ఎత్తింది. "అక్కా, వంతెన దగ్గర దిగాం. అత్తయ్య వాళ్ళు కూడా వచ్చారు. తీర్థం తెస్తున్నాను" అన్నాడు గణేష్‌బాబు. గొంతు తగ్గించి, "అమ్మ... ఏమంటోందే?" అని అడిగాడు.

సూర్యకళ గుమ్మంలోకొచ్చి దీపం వేసింది. వంతెన మీద మనుషులు కనబడుతున్నారు.

"ఇంటికొచ్చేసిందిరా" అంది. "అన్నం పెట్టమంటోంది."